సింటాక్స్ ఎర్రర్లకి టెస్టులు ఎలా రాస్తున్నారు? (చేత్తో రాసిన పార్సర్)

రూల్స్_ఇంజన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో అకౌంట్స్ వాళ్ళు డిస్కౌంట్ రూల్స్ తామే రాసుకునేలా ఒక చిన్న భాష తయారు చేస్తున్నాను. కీవర్డ్స్, పేర్లు అన్నీ తెలుగులోనే. రూల్‌ని చదివి దాని నిర్మాణం తేల్చే పార్సర్ గో భాషలో చేత్తో రాసింది, రికర్సివ్ డిసెంట్ (ఒక్కో నిర్మాణానికి ఒక ఫంక్షన్, అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి). రూల్ ఇలా ఉంటుంది:

```
ధర > 500 అయితే {
    తగ్గింపు = (ధర * 5 / 100;
}
```

రెండో లైన్లో `)` లేదు. తప్పు ఒక్కటే. నా పార్సర్ మాత్రం మూడు ఎర్రర్లు చెప్తోంది: సెమికోలన్ దగ్గర ఒకటి, `}` దగ్గర ఒకటి, ఫైలు చివర ఇంకొకటి. దీన్ని వాడేవాళ్ళు ప్రోగ్రామర్లు కారు. మూడు ఎర్రర్లు కనపడితే మూడు తప్పులు చేశామనుకుని, బాగున్న బ్రాకెట్లని కూడా కెలుకుతారు.

సరైన రూల్స్‌కి టెస్టులు దండిగా ఉన్నాయి. ఇన్‌పుట్ ఇస్తాను, వచ్చిన ట్రీని (పార్సర్ కట్టిన రూల్ నిర్మాణాన్ని) పోల్చి చూస్తాను. తప్పు రూల్స్‌కి వచ్చేసరికి మెసేజ్ మొత్తాన్ని స్ట్రింగ్‌గా పోలుస్తున్నాను. అందులో ఒక్క మాట మార్చినా బోలెడన్ని టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి. అసలు దేన్ని టెస్ట్ చేయాలి? తప్పులకి అంతు ఉండదు కదా, ఎక్కడిదాకా రాసుకుంటూ పోవాలి?

బెజవాడ_బ్యాకెండ్

మెసేజ్‌ని పోల్చడం మానేయండి. ఒక్కో ఎర్రర్ రకానికి ఒక కోడ్ ఇచ్చి, టెస్టులో కోడ్, లైను, కాలమ్ చూస్తే సరిపోతుంది. జావాస్క్రిప్ట్ అధికారిక టెస్ట్ సూట్ టెస్ట్262 ఇంకా తక్కువ అడుగుతుంది. పార్స్ దశలోనే సింటాక్స్ ఎర్రర్ రావాలి, అంతే. మాటల జోలికే పోదు.

ఇంకో మాట. రూల్స్ నాలుగైదు లైన్లే అయితే మొదటి తప్పు దగ్గరే ఆగిపోతే ఏం పోయింది? పైథాన్ ఇప్పటికీ మొదటి సింటాక్స్ ఎర్రర్ దగ్గరే ఆగుతుంది. మూడు ఎర్రర్ల గొడవే ఉండదు.

కొమ్మ_రెమ్మ

ముందు బెజవాడ గారి రెండో మాట గురించి. సేవ్ నొక్కాక మాత్రమే చెక్ చేసేటట్టయితే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, మొదటి తప్పు దగ్గర ఆపేయండి. టైప్ చేస్తుండగానే ఎడిటర్లో ఎర్రగీత చూపించాలంటే మాత్రం కుదరదు. అక్కడ రూల్ ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. పైన ఒక బ్రాకెట్ లేదని కిందున్న రూల్స్ అన్నిటికీ సాయం ఆపేయలేం. టెస్ట్262 సంగతి వేరు. ఎన్నో ఇంజన్లు దాన్ని నడుపుతాయి, మెసేజ్ ఎలా ఉండాలో ప్రమాణం చెప్పదు, అందుకే అంత తక్కువ అడుగుతుంది. మీది ఒక్కటే పార్సర్, మీరు ఎక్కువ అడగొచ్చు, అడగాలి కూడా.

"ఎర్రర్ వచ్చిందా లేదా" అనే టెస్టుతో పెద్దగా ఏమీ తెలియదు. ఎర్రర్‌ని ఎక్కడ చూపించింది, చూపించాక పార్సర్ మళ్ళీ దారిలో పడిందా (దీన్నే రికవరీ అంటారు) అన్నవి తెలియాలి. మీ మూడు ఎర్రర్ల సమస్య ఈ రెండో దానిలోదే, ఎర్రర్ కోడ్‌లు ఎంత బాగా పెట్టుకున్నా అది పట్టుబడదు. దాన్ని పట్టుకోవాలంటే ఒక తప్పు, దాని తర్వాత ఒక మంచి లైను, ఆ తర్వాత ఇంకో తప్పు పెట్టి టెస్ట్ రాయండి:

```
తగ్గింపు = (ధర * 5 / 100;   // ఎర్రర్: ')' కావాలి
పన్ను = ధర * 18 / 100;
మొత్తం = ధర + ;              // ఎర్రర్: విలువ కావాలి
```

ఎర్రర్లు సరిగ్గా రెండే రావాలి, ఆ రెండు లైన్లలోనే రావాలి. పైగా మధ్య లైను ట్రీలో చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ చివరిది చాలామంది చూడరు. పార్సర్ మొదటి తప్పు తర్వాత `}` దాకా అన్నీ మింగేసి కూర్చుంటే ఎర్రర్లు తక్కువే వస్తాయి, లెక్క బాగానే కనిపిస్తుంది, కానీ మూడో లైన్లో తప్పు ఉందని ఎవరికీ చెప్పదు.

ఎదురుచూసే ఎర్రర్‌ని ఆ లైన్లోనే కామెంటుగా రాయడం నేను కనిపెట్టింది కాదు. గో భాష సొంత పార్సర్ టెస్టుల్లో, సి, సి++ కంపైలర్ క్లాంగ్‌లో, రస్ట్ భాష కంపైలర్‌లో అందరూ ఇదే చేస్తారు. లైన్ నంబర్లు వేరే ఫైల్లో పెడితే పైన ఒక లైను చేర్చగానే ఆ నంబర్లన్నీ తప్పిపోతాయి, కామెంటైతే తప్పుతో పాటే కదులుతుంది. కామెంట్లో మెసేజ్ మొత్తం అక్కర్లేదు, ముఖ్యమైన ముక్క చాలు.

రస్ట్‌లో దీనికి తోడు కంపైలర్ అవుట్‌పుట్ మొత్తాన్ని పక్క ఫైల్లో దాచి పోలుస్తారు, 'బ్లెస్' అనే ఫ్లాగ్ ఇస్తే కొత్త అవుట్‌పుట్‌ని అదే రాసేస్తుంది. సౌకర్యమే, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దని గట్టిగా చెప్తాను. పార్సర్ ఏది అంటే అదే సరైనదని ఒప్పేసుకోవడం చాలా తేలిక. కామెంట్ మాత్రం మనిషి ఆలోచించి రాయాల్సిందే.

ఎక్కడ చూపించాలి అన్నదానికి ఒక్క ఉదాహరణ. సెమికోలన్ మర్చిపోయిన లైను కింద నాలుగు లైన్లు ఖాళీగా వదిలి ఒక టెస్ట్ పెట్టండి. చాలా పార్సర్లు తర్వాతి టోకెన్ (పదం, అంకె లేదా గుర్తు) దగ్గర, అంటే ఐదు లైన్ల కింద తప్పు చూపిస్తాయి. అక్కడ ఏ తప్పూ ఉండదు. ముందు టోకెన్ ఎక్కడ ముగిసిందో అక్కడ చూపించాలి, క్లాంగ్ అలాగే చేస్తుంది. మూయని బ్రాకెట్‌కైతే తెరిచిన చోటు చూపించాలి. పైథాన్‌కే ఇది 2021లో వచ్చిన 3.10 దాకా లేదు. అంతకుముందు బ్రాకెట్ మూయకపోతే తర్వాతి లైన్లో ఎక్కడో "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనేది.

ఇక తప్పులకి అంతు లేదన్నారు. అన్నీ చేత్తో రాయక్కర్లేదు. మీ దగ్గరున్న సరైన రూల్స్ అన్నిటినీ తీసుకోండి. ఒక్కో ఫైల్లో ఒక్కో టోకెన్ తీసేసి పార్స్ చేయించండి. తర్వాత ఒక్కో టోకెన్ దగ్గర ఫైలుని తెగ్గొట్టి చేయించండి. ఈ రెండోది ఎడిటర్లో టైప్ చేస్తున్న మనిషి దగ్గర రోజూ జరిగేదే.

ఇక్కడ "ప్రతిసారీ ఎర్రర్ రావాలి" అని మాత్రం పెట్టకండి. `-ధర`లో మైనస్ తీసేస్తే మిగిలింది సరైన రూలే. ఎప్పుడూ నిలబడేవి వేరే ఉన్నాయి. పార్సర్ పని ముగించాలి, క్రాష్ కాకూడదు. ప్రతి ఎర్రర్ చోటూ ఫైలు లోపలే ఉండాలి. ఎర్రర్ రాకపోతే ట్రీని తిరిగి టెక్స్ట్‌గా రాసి మళ్ళీ పార్స్ చేస్తే అదే ట్రీ రావాలి. ఒక్క టోకెన్ తీసినందుకు రెండు కంటే ఎక్కువ ఎర్రర్లు వస్తే ఫెయిల్ చేయొద్దు, ఒక జాబితాలో పడేయండి. కూర్చుని చదవండి. మీ రికవరీ ఎక్కడ బలహీనంగా ఉందో ఆ జాబితాలోనే దొరుకుతుంది.

"పని ముగించాలి" అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. రికవరీ `}` దగ్గర ఆగుతుంది, బయటి లూప్ `}`ని చూసి ఎర్రర్ ఇచ్చి మళ్ళీ రికవరీని పిలుస్తుంది, అది కదలకుండా అక్కడే ఆగుతుంది. ఇక అనంతం. గో భాష సొంత పార్సర్‌లో దీనికి కాపలా ఉంది: ముందుకు జరగకుండా అదే చోట పది సార్లు సింక్ అయితే (రికవరీ కోసం ఆగితే) బలవంతంగా ఒక టోకెన్ మింగుతుంది. మీరూ అలాంటిది పెట్టుకోండి, టెస్టుకి టైమ్‌అవుట్ కూడా పెట్టండి.

రూల్స్_ఇంజన్

కొమ్మ_రెమ్మ గారూ, చాలా థాంక్స్. టోకెన్ తీసేసే టెస్ట్ పెట్టగానే `{` తీసిన ప్రతి చోటా పార్సర్ అచ్చం మీరు చెప్పినట్టే తిరుగుతూ ఉండిపోయింది. కాపలా పెట్టాను, ఆగింది. తప్పు–మంచి–తప్పు టెస్ట్ కూడా పెట్టాను. `)` లేనప్పుడు సెమికోలన్‌ని మింగకుండా వదిలేస్తే మూడు ఎర్రర్లు ఒకటయ్యాయి.

ఇప్పుడు ఇంకో చిక్కు. లైన్ నంబర్ సరిగ్గానే వస్తోంది, కాలమ్ మాత్రం ఎక్కడో చూపిస్తోంది. ఇంగ్లిష్ పేర్లతో రాస్తే ఏ గొడవా లేదు.

లిపి_లెక్క

ఇది తెలుగు వల్ల వచ్చే సమస్యే. గోలో స్ట్రింగ్ పొడవు బైట్లలో వస్తుంది, టెక్స్ట్‌ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్‌లో విడి నంబర్ ఉన్న ఒక్కో గుర్తుకి) 3 బైట్లు. మీ లైనే తీసుకుందాం: `తగ్గింపు = (ధర`. ఇందులో `(` బైట్ల లెక్కన 28వది, కోడ్‌పాయింట్ల లెక్కన 12వది, కంటికి కనిపించే అక్షరాల లెక్కన 7వది. 'తగ్గింపు'లో కోడ్‌పాయింట్లు 8, బైట్లు 24, మనకి కనిపించేవి త, గ్గిం, పు అనే మూడే. లోపల బైట్లే దాచుకోండి, బయటికి ఇచ్చేటప్పుడు మార్చండి. ఈ లైనుని టెస్టులో అలాగే పెట్టి 28, 12 రెండూ సరిచూడండి.

ఎడిటర్‌కి ఎల్ఎస్‌పీ (ఎడిటర్లు, భాషా టూల్స్ మాట్లాడుకునే ప్రోటోకాల్) ద్వారా పంపుతుంటే అది మామూలుగా యూటీఎఫ్-16 లెక్క, సున్నా నుంచి మొదలు. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్ యూటీఎఫ్-16లో ఒక్క యూనిట్టే కాబట్టి ఈ రెండిటినీ కలగలిపేసినా తెలుగు టెస్ట్ పట్టుకోదు. స్ట్రింగ్‌లో ఒక ఎమోజీ ఉన్న లైను విడిగా పెట్టండి.

టెర్మినల్లో స్పేస్‌లు కొట్టి కింద బాణం గుర్తు పెడుతుంటే మానేయండి, తెలుగు అక్షరాల వెడల్పులు ఒకేలా ఉండవు. ఆ పదాన్నే మెసేజ్‌లో చెప్పండి: "'100' తర్వాత ')' కావాలి". అకౌంట్స్ వాళ్ళకి అదే తేలిక కూడా.

ఇంకొకటి తప్పకుండా టెస్ట్ చేయండి. 'డిస్కౌంట్‌లు' అని టైప్ చేస్తే ట్, లు మధ్య కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలిసి ఒత్తు కాకుండా ఆపే గుర్తు) ఉంటుంది. లెక్సర్ (టెక్స్ట్‌ని టోకెన్లుగా విడగొట్టే భాగం) దాన్ని ఒప్పుకోకపోతే "తెలియని అక్షరం ''" అని వస్తుంది, కోట్స్ మధ్య ఏమీ కనపడదు. పేర్ల మధ్యలో దాన్ని అనుమతించండి, పోల్చేటప్పుడు తీసేయండి. లేకపోతే అది ఉన్న పేరూ లేని పేరూ రెండు వేరియబుల్స్ అయిపోతాయి.

బెజవాడ_బ్యాకెండ్

కొమ్మ_రెమ్మ గారు చెప్పిన ఎడిటర్ సంగతి ఒప్పుకుంటున్నాను. ఒకటి కలుపుతాను: `(` ఒక్కటే లక్షసార్లు ఉన్న ఫైలు ఇచ్చి చూడండి. రికర్సివ్ డిసెంట్ కదా, ఎంత లోతుకి పోతే అంత స్టాక్ (ఫంక్షన్ కాల్స్‌కి వాడే మెమరీ) తింటుంది. గోలో స్టాక్ పరిమితి దాటితే క్రాష్‌ని ఆపే 'రికవర్' ఫంక్షన్‌తో కూడా పట్టుకోలేం, ప్రాసెస్ మొత్తం పోతుంది. క్లాంగ్ చాలాకాలం మామూలుగా 256 బ్రాకెట్ల లోతు దగ్గర ఆపేసి మామూలు ఎర్రర్ ఇచ్చేది, తర్వాత ఆ హద్దుని 2048కి పెంచారు. డిస్కౌంట్ రూల్‌కి 50 పెట్టినా ఎక్కువే. 50 దగ్గర పార్స్ అవ్వాలి, 51 దగ్గర ఒక్కటే ఎర్రర్ రావాలి. ఆ రెండు టెస్టులూ రాసి పెట్టుకోండి.