వేరు కాపురం పెట్టాలంటే చేతిలో ఎంత ఉండాలి?

మలక్‌పేట కోడలు
అందరికీ నమస్కారం. మా పెళ్లయి ఏడాదిన్నర. అత్తయ్య, మామయ్య, మరిదితో కలిసి మలక్‌పేటలో ఉంటున్నాం. ఇంట్లో గొడవలేమీ లేవు. మాఘంలో మరిది పెళ్లి, ఉన్నవి రెండే గదులు. అందుకని కార్తీకంలో మేమే వేరే ఇల్లు చూసుకుందామని ఆయనా నేనూ అనుకున్నాం. పెద్దవాళ్లకి ఇంకా చెప్పలేదు. ఆయన జీతం చేతికి 52 వేలు, పని హబ్సిగూడలో. నాది 41 వేలు, ఆఫీసు రాయదుర్గంలో. ఇప్పుడు ఇంటికి నెలకి 20 వేలు ఇస్తున్నాం. పెళ్లప్పుడు తీసుకున్న లోనుకి 9 వేలు పోతుంది. బ్యాంకులో లక్షా అరవై వేలు ఉన్నాయి. అద్దె ఎంత దాకా పెట్టుకోవచ్చు? ఇల్లు మారేటప్పుడు మొత్తం ఎంత తగులుతుంది? మీకు ఎంతైందో రాస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.

తార్నాక గృహిణి
మేం పోయినేడాది వేరు వచ్చాం. మీ లెక్కకి దగ్గరగానే ఉంటుంది కాబట్టి మాది రాస్తున్నా. అద్దె 18 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు. రెండు నెలల అడ్వాన్స్ 36 వేలు, మొదటి నెల అద్దె 18, బ్రోకర్‌కి పదిహేను రోజుల అద్దె 9. అంటే తాళం చేతికి రాకముందే 63 వేలు అయిపోయాయి. గ్యాస్ కొత్త కనెక్షన్‌కి సిలిండర్ డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కి 250, గ్యాస్ ధర వేరే. స్టవ్ మా అమ్మ కొనిపెట్టింది. సామాను ఒక్క టాటా ఏస్‌లో వచ్చేసింది. ఇద్దరు హమాలీలతో కలిపి నాలుగున్నర వేలు. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు ఓనర్ పీక్కెళ్లిన ఇల్లు అది! గీజర్ కూడా లేదు. వాటికి, కర్టెన్లకి, దోమల తెరలకి కలిపి పద్దెనిమిది వేలు అయ్యాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడలే కాదు, పైకి కూడా చూడండి.

మీ లక్షా అరవైలో లక్ష దాటకుండా దిగండి. మిగతా అరవై వేలు ముట్టుకోవద్దు. కొత్తింట్లో మొదటి మూడు నెలలు ఏదో ఒకటి కొంటూనే ఉంటాం.

ఉప్పల్ వాసి
అక్కా, అద్దె ఒక్కటే చూసి ఒప్పుకోకున్రి. కరెంటు మీటర్ మీ పోర్షన్‌కి సపరేట్ ఉందా లేదా ముందు అడగున్రి. సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి పది రూపాయలు వసూలు చేసే ఓనర్లు మా గల్లీల నలుగురున్నరు. సపరేట్ మీటర్ ఉంటే నెలకి 200 యూనిట్ల లోపల ఆపుకోవచ్చు. అది దాటితే ఎక్కువైన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు పెద్దదైతది. ఏసీ లేకపోతే ఇద్దరికి 200 దాటది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కిరాయిదార్లకి కూడా గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఫ్రీ. మీ జీతాలకి కార్డు ఉండదనుకో, చదివేటోళ్లల్ల ఎవరికన్నా పనికొస్తదని చెప్తున్న.

నీళ్లది ఇంకో ముచ్చట. వాటర్ బోర్డు నల్లా ఉంటే నెలకి 20 వేల లీటర్లు ఫ్రీ. బోరు మీదనే నడిచే అపార్ట్‌మెంట్ల ఎండాకాలం ట్యాంకర్ల పైసలు మెయింటెనెన్స్ మీద పడుతయి. ఏప్రిల్, మే నెలల్ల ఎంత కట్టిండ్రో వాచ్‌మన్‌ని అడగున్రి, ఓనర్‌ని కాదు.

వనస్థలిపురం పెద్దాయన
అమ్మా, అందరూ కొత్తింటి ఖర్చు గురించే చెప్తున్నారు. నేను పాత ఇంటి గురించి చెప్తాను. మా అబ్బాయి, కోడలు నాలుగేళ్ల కిందట వేరు వెళ్లారు, మేం మనస్ఫూర్తిగానే పంపాం. కానీ ఆ మొదటి నెల మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. ఇద్దరు తగ్గారు కాబట్టి ఖర్చు సగానికి పడుతుందని వాడు అనుకున్నాడు. అలా పడలేదు. బియ్యం, పాలు, కూరలు కొంత తగ్గాయి. ఫ్రిజ్ కరెంటు తగ్గదు, పనిమనిషి జీతం తగ్గదు, నా బీపీ మాత్రలు తగ్గవు, చుట్టాలు మా ఇంటికే వస్తారు. పదమూడు వేలు ఇచ్చేవాడు, ఏడు చాలు కదా నాన్నా అన్నాడు. మా ఆవిడ సరేనంది. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు ఆమె తన చిట్టి డబ్బులతో ఇల్లు నడిపింది. వాడికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

అందుకని మీ అద్దె లెక్క కంటే ముందు అత్తమామల ఇంటి లెక్క రాయండి. ఆ 20 వేలు దేనికి పోతున్నాయో అత్తయ్యగారి పక్కన కూర్చుని అడిగి రాయండి. మీరిద్దరూ వెళ్తే నిజంగా తగ్గేది ఎంతో ఆమెకే తెలుసు. మరిది సంపాదిస్తున్నాడా? అతను ఎంత ఇస్తాడో కూడా ఆ కాగితం మీదే తేలాలి. మిగిలినదాంట్లో మీ అద్దె చూసుకోండి. పెద్దవాళ్లకి విషయం చెప్పేది కూడా అదే రోజు, అదే కాగితం ముందు పెట్టుకుని చెప్పండి. డబ్బు ఆగదని తెలిస్తే వాళ్లకి సగం బెంగ తీరిపోతుంది.

మియాపూర్ టెకీ
ఆఫీసుకి దగ్గరని కొండాపూర్, గచ్చిబౌలి చూడకండి. 2 బీహెచ్‌కేకి 30 వేలు దాటి అడుగుతున్నారు. ఇంకో సంగతి, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేసుకోవచ్చు కాబట్టి అద్దె కాస్త ఎక్కువైనా పర్లేదు. ఓనర్ పాన్ కార్డు నంబర్ తీసుకోండి.

తార్నాక గృహిణి
మియాపూర్ గారూ, వాళ్ల జీతాలకి ఆ అవసరం లేదు. 2025-26 నుంచి ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో జీతం ఏడాదికి 12.75 లక్షల దాకా పన్నే పడదు. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఉండేది పాత పద్ధతిలోనే. దాన్ని చూసి అద్దె పెంచుకుంటే నష్టమే.

మియాపూర్ టెకీ
నిజమే, ఇద్దరివీ విడివిడిగా ఆ లోపే. అయితే మెట్రో చెప్తా. నాగోల్ నుంచి రాయదుర్గం వరకు ఒకటే రైలు, హబ్సిగూడ మధ్యలోనే వస్తుంది. తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు తీసుకుంటే ఇద్దరికీ ఒకే లైను. గరిష్ఠ ఛార్జీ 69. అంత దూరం పోయినా రోజుకి 138, నెలకి 22 రోజులు వేసుకుంటే 3 వేల పైన. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ ఉండదు, ఆధార్‌లో తెలంగాణ అడ్రస్ ఉంటే చాలు. టైముందనుకున్న రోజున బస్సు ఎక్కండి.

నల్లకుంట అక్క
ఇల్లు నింపే తొందరలో ఈఎంఐ మీద ఫర్నిచర్ కొనకు చెల్లీ. సారెలో వచ్చిన మంచం, బీరువా అత్తగారింట్లో ఉంటే అవి తీసుకెళ్లడానికి మొహమాటపడొద్దు. కాకపోతే అడిగి తీసుకెళ్లు. గిన్నెలు, డబ్బాలు బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్లలో తీసుకుంటే తూకం మీద ఇస్తారు, మాల్‌తో పోలికే లేదు. సోఫా లేకుండా మేం రెండేళ్లు చాప మీదే కూర్చున్నాం, వచ్చినవాళ్లూ హాయిగానే కూర్చున్నారు. కూరగాయలకి వారానికి ఒకసారి రైతు బజార్‌కి వెళ్లు.

కార్తీకం వరకు ఆగకుండా ఇల్లు ఇప్పుడే వెతుకు. ఆషాఢంలో ఎవరూ మారరు, టు-లెట్ బోర్డులు నెల తరబడి వేలాడుతుంటాయి. మేం అప్పుడే మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకున్నాం. అద్దెలో వెయ్యి తగ్గించారు.

బోడుప్పల్ భాయ్
నాదొక మాట. అదే గల్లీల పైపోర్షన్ ఏదన్నా దొరికితే అస్సలు ఇడవకున్రి. రేపు పిల్లలైతే అత్తమ్మ దగ్గర ఉంటరు. డేకేర్ పైసలు కిరాయిల సగం ఉంటయి.

నల్లకుంట అక్క
అది అత్తయ్య ఆరోగ్యం బట్టి, ఆమె ఇష్టం బట్టి చూడాలి అన్నా. ఆమెని అడక్కుండా ఆ లెక్క మనం వేసుకోకూడదు.

మలక్‌పేట కోడలు
అందరికీ పేరుపేరునా థాంక్స్. పెద్దాయన గారూ, మీరు చెప్పినట్టే ఆదివారం కాగితం పెట్టుకుని కూర్చున్నాం. అత్తయ్య మొదట ఏడ్చారు, తర్వాత పెన్ను ఆవిడే తీసుకున్నారు. మేం వెళ్తే తగ్గేది 5 వేలేనట. తన షుగర్ మందులకి ఎంతవుతుందో మామయ్యకి కూడా ఆ రోజే తెలిసింది. నెలకి 15 వేలు మేం ఇస్తాం, పెళ్లయ్యాక మరిది 8 ఇస్తానన్నాడు. మాకు 93లో 15, లోను 9 పోగా 69 మిగులుతుంది. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 20 దాటకూడదని గీత గీసుకున్నాం. నెలకి 10 వేలు రిజిస్టర్డ్ చిట్టి వేస్తాం. హబ్సిగూడలో ఒక ఇల్లు నచ్చింది, 17 వేలు, మీటర్ వేరే, నల్లా ఉంది. రేపు అగ్రిమెంట్. అందులో ఏం చూడాలి?

తార్నాక గృహిణి
11 నెలలకే రాస్తారు.  అద్దె పెంపు శాతం అందులోనే రాయించండి, 5 దగ్గర పట్టుబట్టండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకునే ఓనర్లే ఎక్కువ. ఎంత కోస్తారో అంకె వేయించండి. అడ్వాన్స్ తాళం ఇచ్చిన రోజే తిరిగివ్వాలని రాయించండి. గోడలకి, బాత్రూం నల్లాలకి ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి.

ఉప్పల్ వాసి
అక్కా, సంతకం పెట్టేముందు ఆ మీటర్ సర్వీస్ నంబర్ ఫోన్ల కొట్టి చూడున్రి, పాత కిరాయిదారు బిల్లు బాకీ ఉందేమో. ఉంటే ఓనర్ కట్టినంకనే అడ్వాన్స్ ఇయ్యున్రి.