ట్యాంకులో నీళ్లుండి ఇంజన్ ఆగితే తప్పంతా పైలట్‌దేనా?

గుంటూరు_172:
ఫ్లోరిడాలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను. పోయిన నెల ఒక సోలో (ఒంటరిగా ఎగిరే) రోజున ఇంకా చీకటి ఉండగానే ప్రీఫ్లైట్ (ఎగిరే ముందు విమానాన్ని చూసుకోవడం) చేసి, వెలుగు రాగానే బయల్దేరాను. పాత సెస్నా 172, ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానం. అంతకుముందు మూడు రోజులు ఒకటే వాన, విమానం బయటే ఉంది. రెండు రెక్కల కింద, ముక్కు కింద, మూడు చోట్లా డ్రెయిన్ చేశాను, అంటే నీళ్లు ఉన్నాయేమో చూడటానికి అడుగు నుంచి కొంచెం ఇంధనం కప్పులోకి తీశాను. కప్పులో తేటగానే ఉంది. రనప్‌లోనూ (టేకాఫ్‌కి ముందు నేల మీద ఇంజన్ వేగం పెంచి చూసే పరీక్ష) తేడా లేదు. నేల వదిలి వంద అడుగులు ఎక్కానో లేదో ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముందు రన్‌వే చాలా మిగిలింది కాబట్టి ముక్కు దించి అక్కడే దిగిపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు.

కుడి ట్యాంక్ మూతలో రబ్బరు వాషర్ పగిలి వాన నీళ్లు దిగాయని మెకానిక్ తేల్చాడు. అయినా నా రికార్డులో మాత్రం ‘ప్రీఫ్లైట్ సరిగా చేయలేదు’ అని రాశారు. చెక్ చేశాక కూడా నీళ్లుంటే తప్పు నాదేనా?

ఇన్‌స్ట్రక్టర్_హైదరాబాద్:
ముందు ప్రాణంతో దిగావు, సంతోషం తమ్ముడూ. ఆగగానే వెనక్కి తిప్పకుండా ముక్కు దించడం నూటికి నూరుపాళ్లు సరైన పని.

ఇక నీ ప్రశ్న. అవును, నీదే. విమానానికి నేరుగా బాధ్యుడు పైలట్ ఇన్ కమాండ్ అని అమెరికా రూల్ 91.3 స్పష్టంగా చెబుతుంది. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) లీటరు 720 గ్రాముల దాకా ఉంటుంది, నీళ్లు కిలో. అందుకే నీళ్లు అడుక్కి చేరతాయి, డ్రెయిన్ కూడా అడుగునే పెట్టారు. ఒక కప్పు తీసి ‘బాగానే ఉంది’ అని పారబోసి వెళ్లే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. తప్పు వాషర్‌దని ఒప్పుకుంటే రేపు ఇంకొకడు ఆ ఒక్క కప్పు కూడా తీయడు.

మెల్‌బోర్న్_స్పానర్:
సార్, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను. డ్రెయిన్ కప్పు అన్నీ పట్టేస్తుందనుకోవడమే అసలు ప్రమాదం.

172 కన్నా కొంచెం పెద్దవైన పాత సెస్నా 182లు చూడండి. రెక్కలో రబ్బరు సంచి ట్యాంకులు. ఆ సంచి ముడతలు పడితే నీళ్లు మడతల్లోనే నిలిచిపోతాయి, డ్రెయిన్ దాకా రావు. పైలట్ ఎన్ని కప్పులు తీసినా మంచి ఇంధనంలా నీలంగానే కనిపిస్తుంది. ముక్కు పైకి లేచాక ఆ నీళ్లు కదిలి పైపులోకి పోతాయి. 1984లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దీని మీద ఆదేశమే ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ ఆస్ట్రేలియాలో 1999 చివర్లో జరిగింది ఇంకా పెద్దది. మెల్‌బోర్న్ దగ్గర ఆల్టోనాలోని మొబిల్ రిఫైనరీ నుంచి వచ్చిన ఏవ్‌గ్యాస్‌లో ఎథిలీన్ డయమీన్ అనే రసాయనం చాలా కొద్దిగా మిగిలిపోయింది. అది ఇత్తడి భాగాలతో కలిసి నల్లగా జిగురు కట్టింది. రూల్ ప్రకారం చేసే పరీక్షలన్నీ ఆ ఇంధనం పాసైంది, ఎందుకంటే ఆ పరీక్షల్లో ఈ రసాయనం కోసం వెతకరు. 2000 జనవరిలో వేలాది చిన్న విమానాలు నేల మీదే ఉండిపోయాయి. ఏ పైలట్ ఏ కప్పులో దాన్ని చూడగలిగేవాడు?

అమెరికాలో విమాన విన్యాసాలకి పేరుపొందిన పైలట్ బాబ్ హూవర్ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఒకసారి ఆయన ష్రైక్ కమాండర్ విమానంలో పొరపాటున జెట్ ఇంధనం నింపారు, దాని పిస్టన్ ఇంజన్లకి కావాల్సింది పెట్రోల్. లైన్లలో మిగిలిన పెట్రోల్‌తో టేకాఫ్ అయింది, ఆ తర్వాత రెండు ఇంజన్లూ పోయాయి. బతికి వచ్చాక ఆయన ఇంధనం నింపిన కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, రేపు కూడా నా విమానానికి నువ్వే నింపాలి అన్నాడు. ఆ తర్వాతే జెట్ నాజిల్‌ని వెడల్పు చేసి, పెట్రోల్ ట్యాంక్ రంధ్రంలో పట్టకుండా చేశారు. ఆయన మీదో ఆ కుర్రాడి మీదో తప్పు రాసి ఫైలు మూసేస్తే ఆ నాజిల్ వచ్చేదా?

మైక్రోలైట్_విజయవాడ:
ఒక మాట. బంకు పెట్రోల్‌తో ఎగిరే రోటాక్స్ ఇంజన్ల వాళ్లకి ఇది ఇంకా కష్టం. పెట్రోల్‌లోని ఇథనాల్ కొంత నీటిని తనలో కలిపేసుకుంటుంది, కప్పులో నీళ్లకీ పెట్రోల్‌కీ మధ్య గీతే కనపడదు. పైన చల్లబడ్డాక విడిపోయి అడుక్కి దిగుతుంది.

ఇన్‌స్ట్రక్టర్_హైదరాబాద్:
ఆల్టోనా విషయంలో పైలట్‌ని తప్పు పట్టేవాడు మనిషే కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ అబ్బాయి విమానంలో రబ్బరు సంచి లేదు, రసాయనం లేదు. ఉత్త వాన నీళ్లు.

తమ్ముడూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ‘తేటగా ఉంది’ అన్నావు. నీలంగా ఉందా?

గుంటూరు_172:
సార్, రాత్రంతా అదే ఆలోచించాను. నీలం చూసినట్టు గుర్తు లేదు. కింద బుడగలు, గీత ఉన్నాయా అనే వెతికాను. లేవు కాబట్టి మంచిదే అనుకున్నాను.

ఇన్‌స్ట్రక్టర్_హైదరాబాద్:
అదే నా అనుమానం. గీత కనపడాలంటే కప్పులో రెండూ ఉండాలి. కప్పు నిండా నీళ్లే అయితే గీత ఎక్కడిది? 100ఎల్ఎల్‌కి (మనం వాడే ఏవ్‌గ్యాస్ రకం) నీలం రంగు వేసేదే అందుకు. రంగు చూడాలి, వాసన చూడాలి.

మెల్‌బోర్న్_స్పానర్:
సరే, ఆ పొరపాటు అతనిదే. కానీ ఆ వాషర్ ఒక్క రోజులో పగలదు, ఎండకి నెలల తరబడి గట్టిపడి పగులుతుంది. ఎవరు చూడాలి దాన్ని? కొత్త 172ల్లో 13 డ్రెయిన్లు ఉన్నాయి. పాత మూడు చాలని కంపెనీయే అనుకోలేదన్నమాట. అతని రికార్డులో ఒక లైను రాశారు, మంచిది. వాషర్ గురించి ఎక్కడ రాశారు? మిగతా విమానాల మూతలు ఎవరైనా తీసి చూశారా? నాకు కోపం అక్కడ. తమ్ముడూ, ఆ ప్రీఫ్లైట్ ఏ వెలుతురులో చేశావు?

గుంటూరు_172:
అన్నా, పార్కింగ్ దగ్గర పసుపు దీపం కింద.

మీరు అడిగాక నిన్న తెల్లవారుజామున మళ్లీ అక్కడికే వెళ్లాను. ఒక కప్పులో ఏవ్‌గ్యాస్, ఇంకో కప్పులో కుళాయి నీళ్లు పట్టుకుని ఆ దీపం కింద నిలబడ్డాను. రెండూ ఒకేలా బూడిద రంగులో ఉన్నాయి. ఏది ఏదో వాసన చూస్తేనే తెలిసింది. ఫోన్ లైట్ వేశాక ఒకటి నీలంగా మారింది. రెండు కప్పుల్నీ పక్కపక్కన పెట్టి, లైట్ లేకుండా ఒకటి, లైట్‌తో ఒకటి ఫోటోలు తీసి స్కూల్ వాళ్లకి పంపాను, మిగతా విమానాల మూతలు కూడా చూడమని రాశాను.