బడి మొత్తానికి బహుభాషా ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కొలవాలి?

పలకాబలపం:
మా బడిలో 380 మంది పిల్లలు, 21 మంది టీచర్లు. రిజిస్టర్లో మూడు భాషలే ఉన్నాయి, ఇంటర్వెల్లో మాత్రం ఆరేడు వినిపిస్తాయి. ఇద్దరు టీచర్లు తమ క్లాసుల్లో పిల్లల ఇంటి భాషలను వాడుతున్నారు గానీ, వాళ్లు సెలవు పెడితే అంతా ఆగిపోతోంది. వచ్చే విద్యా సంవత్సరం దీన్ని బడి మొత్తానికీ నడిపే బాధ్యత నాకు అప్పగించారు. సర్వే ఎలా చేయాలి? మొదటి ఏడాది ఎంతవరకు పెట్టుకోవాలి? ఆ భాషలు రాని టీచర్ల సంగతేమిటి?

నల్లబల్ల:
రిజిస్టర్లో మూడే కనిపించడానికి కారణం 'మాతృభాష' అనే ఆ ఒక్క గడే. అక్కడ తల్లిదండ్రులు పరపతి ఉన్న భాషో, బడి భాషో రాసేస్తారు. నిజం చెబితే పిల్లల్ని వేరే సెక్షన్లో వేస్తారేమోనన్న భయమూ ఉంటుంది. దాని బదులు నాలుగు అడగండి: ఇంట్లో పెద్దవాళ్లతో ఏ భాష? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో ఏ భాష? ఏ భాషలో కథ చెబితే పూర్తిగా అర్థమవుతుంది? ఏ భాషలో చదవడం, రాయడం వచ్చు? ఫారం ఇంటికి పంపొద్దు. పేరెంట్స్ మీటింగులో నోటితో అడిగి మీరే రాసుకోండి, సెక్షన్లు మార్చబోమని ముందే చెప్పండి.

కమిటీకి ఆరేడుగురు చాలు: హెడ్మాస్టర్, భాషా టీచర్, లెక్కలో సైన్సో చెప్పేవాళ్లు, చిన్న తరగతుల టీచర్, లైబ్రరీ చూసేవాళ్లు, ఇద్దరు తల్లిదండ్రులు. భాషా టీచర్లతోనే నింపితే మిగతావాళ్లు అది తమ పని కాదనుకుంటారు. టైంటేబుల్ హెడ్మాస్టర్ చేతిలో ఉంటుంది కాబట్టి ఆయన కూర్చోవాల్సిందే. పదిహేను రోజులకొక పీరియడ్ మీటింగుకని టైంటేబుల్లోనే కేటాయించండి. బడి వదిలాక పెట్టే మీటింగులు ఎక్కువ కాలం సాగవు.

మొదటి మూడు నెలలు సర్వే, టీచర్లతో చర్చ. తర్వాత నాలుగు నెలలు రెండు తరగతుల్లో రెండేసి సబ్జెక్టుల్లో ఇంటి భాషలు వాడి చూడండి. ఆ తర్వాతే, అక్కడ పనిచేసిన ఒకే ఒక్క పద్ధతిని అన్ని తరగతులకూ తీసుకెళ్లండి. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం తప్పక చేయండి (యునెస్కో 1999లో ప్రకటించింది, 2000 నుంచి జరుగుతోంది), కానీ దాన్నే ప్రాజెక్టు అనుకోవద్దు. పది భాషల్లో స్వాగతం బోర్డు పెట్టి, తరగతిలో ఆ భాష మాట్లాడిన పిల్లను 'ష్' అంటే ఆ బోర్డు ఎవరూ నమ్మరు.

లెక్కలటీచర్:
పిల్లల భాష టీచరుకు రాకపోయినా పాఠం నడుస్తుంది. నీరు ఆవిరవడం అనే పాఠమే తీసుకోండి. వెడల్పు పళ్లెంలో, సన్నని గ్లాసులో ఒకే కొలత నీళ్లు పోసి, ఏది ముందు ఆరుతుందో, ఎందుకో ఒకే ఇంటి భాష ఉన్న పిల్లల్ని జంటగా ఏడెనిమిది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. తర్వాత బొమ్మ గీసి భాగాల పేర్లు రెండు భాషల్లో రాయాలి. ఆఖరికి రెండు వాక్యాలు బడి భాషలో చెప్పాలి. ఆ చివరి మెట్టు వదిలేస్తే మాటలు ఎటు పోయాయో టీచరుకు తెలియదు. జంటలు దారి తప్పేదీ అక్కడే. పాఠంలోని ముఖ్యమైన మాటలు గోడమీద పెడితే, పాఠానికి ఎనిమిదికి మించొద్దు.

తన భాషవాళ్లు తరగతిలో ఎవరూ లేని పిల్లకు, పై తరగతిలో ఆ భాష వచ్చినవాళ్లను వారానికి ఒక పీరియడ్ తోడివ్వండి. మిగతా రోజుల్లో ముందు తన భాషలో రాసుకోనివ్వండి, బొమ్మలతో చెప్పనివ్వండి.

ఒక జాగ్రత్త. ద్విభాషా విద్యపై పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ 1979లోనే కబుర్లాడే భాష వేరు, పాఠం చదివే భాష వేరని చూపాడు. కొత్తగా నేర్చుకునే భాషలో మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. "ఇప్పుడు గడగడా మాట్లాడుతోందిగా" అని రెండో ఏడాదికే సాయం ఆపేయడం పిల్లకు అన్యాయం చేయడమే.

పలకాబలపం:
చాలా ఉపయోగపడింది. రెండు భాషలకు లిపి లేదు. పైగా "బడి భాష నేర్చుకోవడానికేగా పంపింది" అంటున్న తల్లిదండ్రులున్నారు.

పుస్తకాలగూడు:
లిపి లేకపోతే ఆడియోతో మొదలుపెట్టండి. పెద్దవాళ్ల చేత మూడు నిమిషాల కథ ఫోన్లో రికార్డు చేయించండి, పిల్లలు దానికి బొమ్మలు గీస్తారు. బడి భాష లిపిలో రాయాలనుకుంటే, ఏ ధ్వనికి ఏ అక్షరమో ఆ భాషవాళ్లతో ముందే తేల్చుకోండి. లేకుంటే ఒకే మాట మూడు రకాలుగా అచ్చవుతుంది. మిగతా భాషలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్లో ఉచిత లైసెన్సు కథలున్నాయి, అనువదించి ప్రింటు తీసుకోవచ్చు. టైపింగు యూనికోడ్‌లోనే చేయించండి, పాత ఫాంట్లలో చేస్తే వేరే కంప్యూటర్లో అక్షరాలు చెదిరిపోతాయి.

తల్లిదండ్రులకు సిద్ధాంతాలు చెప్పొద్దు. పిల్ల రెండు భాషల్లో రాసిన నోట్సు చేతికివ్వండి, బడి భాషకు పీరియడ్లు ఒక్కటీ తగ్గలేదని టైంటేబుల్ చూపండి. మార్కులు, క్రమశిక్షణ విషయాలు మాట్లాడేటప్పుడు మాత్రం పిల్లల చేత తర్జుమా చేయించొద్దు. వేరే పెద్దవాళ్లను పిలవండి.

ఫలితానికి మొదటి ఏడాది మార్కులు చూడకండి. తరగతికి నలుగురిని చీటీలు తీసి ఎంచుకుని, ఒకే బొమ్మల వరుస ఇచ్చి రెండు భాషల్లోనూ కథ చెప్పించి రికార్డు చేయండి. ఏడాది మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. సంఘటనల వరుస, కారణాలు, వివరాలు, ఈ మూడే చూడండి. రెండు భాషలకు మధ్య రెండు వారాలైనా ఎడం ఉండాలి, లేకపోతే మొదట చెప్పిందే అప్పజెబుతారు.