గోథిక్ చర్చిల మొనదేరిన ఆర్చి అరబ్బుల దగ్గర కొట్టేసిందేనా?

రాతిగోడ

పారిస్ నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో కాలిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది కదా. అప్పటి నుంచి నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతోంది: గోథిక్ కట్టడాలని (మధ్యయుగాల యూరప్‌లో మొనదేరిన ఆర్చీలతో కట్టిన ఎత్తైన రాతి చర్చిలు) యూరప్ వాళ్లు గొప్పలు పోతారు గానీ అదంతా అరబ్బుల దగ్గర కొట్టేసిన సొమ్మేనట. మాట కొత్తదేం కాదు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ మూడొందల ఏళ్ల కిందటే దీన్ని సారసెన్ శైలి అనాలన్నాడు. అప్పటి యూరప్‌లో ముస్లింలను అలా పిలిచేవారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీ ఇష్టం. కింద గుండ్రంగా మొదలై పైన మొనదేరే ఆ ఆర్చి ఆకారం తూర్పు నుంచే వెళ్లింది. దాన్ని పట్టుకుని రాతి పైకప్పును అంత ఎత్తున నిలబెట్టే పద్ధతి మాత్రం ఫ్రాన్స్, ఇంగ్లండ్ మేస్త్రీలదే. ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ఒకటిగా కలిపి అడుగుతున్నాం కాబట్టే ఇంత గొడవ.

పాతబస్తీ

"ఆకారమే కదా" అని భలే తేలిగ్గా తీసేశారండీ. తేదీలు చూడండి. పాలస్తీనాలోని రమ్లాలో ఖలీఫా హరూన్ అల్ రషీద్ కాలంలో, 789లో కట్టిన భూగర్భ నీటి తొట్టి ఇప్పటికీ ఉంది. లోపల వరుసగా మొనదేరిన ఆర్చీలే. కైరోలో ఇబ్న్ తులూన్ మసీదు 879 నాటికి పూర్తయింది. ఎటు చూసినా అవే ఆర్చీలు, ఇటుకతో. గోథిక్‌కు మొదటి కట్టడంగా చెప్పే, పారిస్ దగ్గరి సెయింట్ డెనీ చర్చి తూర్పు భాగాన్ని ప్రతిష్ఠించింది 1144లో. అంటే రెండున్నర శతాబ్దాల తేడా!

దారి కూడా చెప్తాను. ఇటలీలో అమాల్ఫీ వర్తకులకు కైరోతో వ్యాపారం ఉండేది. ఇటలీలోనే ఉన్న మోంటె కాసినో మఠం చర్చి 1071లో పూర్తయింది. దాని ముందు మండపంలో మొనదేరిన ఆర్చీలు ఉండేవని చరిత్రకారులు చెబుతారు. ఫ్రాన్స్‌లో క్లూనీ మఠాధిపతి హ్యూ 1083లో మోంటె కాసినో చూసి వచ్చాడు. 1088లో క్లూనీలో కొత్త చర్చి మొదలైంది, అందులో అవే ఆర్చీలు. ఆ చర్చికి పెద్ద చందా స్పెయిన్ రాజు ఆరో అల్ఫోన్సోది. ఆయన చేతిలో ఉన్న బంగారం ముస్లిం రాజ్యాల దగ్గర కప్పంగా వసూలు చేసింది. డబ్బూ వాళ్లదే, డిజైనూ వాళ్లదే. ఇంకేం మిగిలింది?

సెంట్రింగ్_మేస్త్రి

మిగిలిందే అసలు పని. నేను సివిల్ ఇంజనీర్‌ని, చరిత్ర నాకు అంతంతమాత్రం. కానీ ఒక లెక్క చూడండి.

అరగుండ్రం ఆర్చికి ఎత్తు మన చేతిలో ఉండదు, వెడల్పులో సగం వచ్చి తీరాలి. ఇప్పుడు 6 మీటర్లు, 8 మీటర్లు పక్కలున్న గది మీద రాతి కప్పు వేయాలి. నాలుగు పక్కలా ఆర్చీలు, మూల నుంచి మూలకు ఇంకో రెండు. మూల నుంచి మూలకు దూరం 10 మీటర్లు. అరగుండ్రం వేస్తే వాటి ఎత్తులు 3, 4, 5 మీటర్లు. మూడూ మూడు ఎత్తులు! కప్పు ఎగుడుదిగుడుగా వస్తుంది. మొనదేరిన ఆర్చి అయితే వంపు మార్చుకుని మూడింటి తలలూ ఒకే ఎత్తుకు తేవచ్చు. పైగా పక్కకు తన్నే తోపుడు కూడా తగ్గుతుంది. గోడ మీద భారం తగ్గితే కిటికీలు పెద్దవి పెట్టుకోవచ్చు.

ఇబ్న్ తులూన్ మసీదులో ఆ ఆర్చీల మీద ఉన్నదేంటి? చదునైన చెక్క కప్పు. అక్కడ ఈ సమస్యే లేదు. ఆర్చి ఒకటే గానీ దాంతో చేయించుకున్న పని వేరు.

డర్హమ్‌లో_తెలుగోడు

మేస్త్రి గారు చెప్పింది నేనుండే ఊళ్లో కళ్లారా చూడొచ్చు. ఇంగ్లండ్‌లోని డర్హమ్ కేథడ్రల్ (పెద్ద చర్చి) పని 1093లో మొదలైంది, అంటే జెరూసలేం కోసం యూరప్ వాళ్లు చేసిన మతయుద్ధం, మొదటి క్రూసేడుకు పిలుపు ఇవ్వక ముందే. 1133కి పూర్తయింది. నడిమి హాల్లో నిలబడి తల ఎత్తితే ఒక తమాషా కనిపిస్తుంది. మూల నుంచి మూలకు వెళ్లే రాతి పట్టీలు అరగుండ్రంగానే ఉన్నాయి. హాలుకు అడ్డంగా వెళ్లే ఆర్చీలు మాత్రం మొనదేరాయి. ఎందుకంటే అడ్డం దూరం తక్కువ, అరగుండ్రం వేస్తే తల కిందే ఆగిపోతుంది. కాబట్టి వాటిని పైకి లాగారు. ఎవరో మసీదు చూసొచ్చి అందంగా ఉందని పెట్టిన ఆర్చీల్లా అనిపించవు. లెక్క కుదరక సర్దుకున్నవే. ఆ పట్టీల మీద చెక్కిన జిగ్‌జాగ్ గీతలు కూడా అప్పుడు ఇంగ్లండ్‌ను ఏలుతున్న నార్మన్ల చర్చిల అలవాటే.

పాతబస్తీ

తేదీ విషయంలో చిన్న కిటుకు చేశారు తమ్ముడూ. 1093 అన్నది పునాది సంగతి. మీరు చెప్పిన మొనదేరిన ఆర్చీలు పని చివర్లో, 1130 దగ్గర పడుతుండగా వేసినవి. అప్పటికి క్రూసేడర్లు జెరూసలేం పట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది, క్లూనీ ఎప్పుడో లేచింది. సిసిలీలో రాజు రెండో రోజర్ పలెర్మోలో కట్టించిన ప్రార్థనా మందిరంలో మొనదేరిన ఆర్చీలు, గ్రీకు మొజాయిక్‌లు, అరబ్బు చేతి చెక్క కప్పు పక్కపక్కనే ఉన్నాయి. అదీ 1140లదే. ఆ సిసిలీని పాలిస్తున్నదీ నార్మన్లే, డర్హమ్ కట్టిందీ నార్మన్లే.

రాతి పట్టీల మాటంటారా, కోర్దోబా మసీదులో 960ల నాటి గోపురాలు చూడండి. అక్కడ పట్టీలు అల్లుకుని ఉంటాయి.

రాతిగోడ

కోర్దోబా పట్టీలు మధ్యలో కలుసుకోవండీ. ఒకదాన్నొకటి పక్కగా దాటుకుంటూ పోయి నడుమ ఎనిమిది మూలల ఖాళీ వదులుతాయి, దాని మీద చిన్న గోపురం కూర్చుంటుంది. గోథిక్‌లో రెండు పట్టీలు సరిగ్గా నడిమధ్యన ముడిపడతాయి. చూడ్డానికి చుట్టాల్లా ఉన్నా ఇల్లు వేరు.

కానీ రాకపోకల గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మీకు నేనే ఇంకో సాక్ష్యం ఇస్తాను చూడండి. సెయింట్ డెనీ కట్టించిన మఠాధిపతి సుజే దగ్గర ఒక స్ఫటికపు కూజా ఉండేది, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని పీఠం మీద చేతులు మారిన వరస చెక్కించాడు: మిటడోలస్ అనేవాడు రాణి ఎలియనార్ తాతకు ఇచ్చాడు, ఆమె పెళ్లికూతురిగా రాజు లూయీకి ఇచ్చింది, రాజు నాకిచ్చాడు, నేను సాధువులకిచ్చాను అని. ఆ మిటడోలస్ స్పెయిన్‌లో సరగోసాను ఏలిన ముస్లిం రాజు ఇమాద్ అల్ దౌలా అయి ఉంటాడని చరిత్రకారులు అంటారు. అంటే గోథిక్‌కు తండ్రి అనుకునే మనిషి చేతిలోనే ముస్లిం రాజు కానుక ఉంది, దాచుకోలేదు కూడా.

అదే సుజే తన కట్టడం గురించి పుస్తకమే రాశాడు. రోమ్ నుంచి పాలరాతి స్తంభాలు ఓడలో తెప్పిద్దామా, దారిలో సారసెన్లకు సుంకం కట్టాల్సొచ్చినా సరే అనుకున్నానని, ఈలోగా దేవుడి దయవల్ల దగ్గర్లోనే రాతి గని దొరికిందని రాసుకున్నాడు. దూలాలకు చెట్లు లేవని వడ్రంగులు చేతులెత్తేస్తే తానే అడవికి వెళ్లి వెతికి పన్నెండు మానులు తెచ్చాడట. ఇన్ని రాసినవాడు ఆర్చి ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో, కట్టిన మేస్త్రి ఎవరో ఒక్క ముక్క రాయలేదు. అదీ మన ఖర్మ.

అచ్చతెలుగు

అందరూ కైరో, కోర్దోబా అంటున్నారు. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహ చైత్యం ఎవరికీ గుర్తు రాలేదా? క్రీస్తుకు పూర్వమే ద్వారం పైన మొనదేరిన కమాను, లోపల గోపురంలో పక్కటెముకల్లా పట్టీలు. ఇది మన దగ్గర నుంచి పోయిందని ఎందుకు అనుకోకూడదు?

సెంట్రింగ్_మేస్త్రి

అది కొండను తొలిచింది బాస్. అందులో ఏ రాయీ ఇంకో రాయి మీద ఆనలేదు, తోపుడు లేదు, సెంట్రింగ్ లేదు. చెక్కతో కట్టే కప్పు ఎలా ఉంటుందో దాన్ని రాతిలో చెక్కారు. గొప్ప పనే, కాదనను. ఆర్చి మాత్రం కాదు.

కోటగుమ్మం

మన ప్రాంతాన్ని ఈ చర్చలోకి తేవాలంటే గుంటుపల్లి కాదు, వరంగల్ కోట తేవాలి. అరువు తెచ్చుకుంటే ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది.

కోట నడుమ కాకతీయుల కీర్తి తోరణాలు. నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డ దూలాలు, అంతే. కూతవేటు దూరంలో ఖుష్ మహల్. గోడలు లోపలికి వాలి ఉంటాయి, లోపల హాలుకు అడ్డంగా పెద్ద పెద్ద మొనదేరిన ఆర్చీలు. షితాబ్ ఖాన్ మహల్ అని కూడా పిలుస్తారు గానీ, కట్టిన తీరు 1323లో ఓరుగల్లు పడిపోయాక వచ్చిన తుగ్లక్‌ల కాలానిదని పరిశోధకులు అంటారు. ఆ రెంటికీ మధ్య దశలేవీ లేవు. తోరణం నుంచి ఒక్కసారిగా ఖుష్ మహల్. పాలకులతో పాటు పనితనమూ దిగిందన్నమాట.

ఢిల్లీలో ఇంకో రకం. కుతుబ్ మినార్ పక్కనున్న మసీదు ముందు గోడ 1199 ప్రాంతంది. చూడ్డానికి మొనదేరిన ఆర్చీలే, కానీ స్థానిక శిల్పులు తమ పాత పద్ధతిలో ఒక్కో వరస రాయిని కాస్త కాస్త ముందుకు జరిపి పేర్చి ఆ ఆకారం తెచ్చారు. ఆకారం వచ్చింది, కిటుకు రాలేదు.

ఫ్రాన్స్‌లో ఈ రెండూ జరగలేదు. క్లూనీ నుంచి సెయింట్ డెనీకి యాభై ఏళ్లు పైనే పట్టింది, ఒక్కో చర్చిలో ఒక్కో ముక్క. అందుకే నేను రాతిగోడ గారి వైపు.

పాతబస్తీ

వరంగల్ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటా. "కొట్టేశారు" అన్న మాట నేను వదిలేస్తాను. కానీ ఆకారం లేకపోతే మేస్త్రి గారి 3, 4, 5 లెక్కకు జవాబు అంత సులువుగా దొరికేదా? దాని పేటెంటు దేశం పేరు పాఠ్యపుస్తకాల్లో ఒక లైనైనా రాయాలా వద్దా?

తూర్పుగాలి

లైను రాసేటప్పుడు ఏ దేశం పేరు రాస్తారు? ఇస్లాం రాకముందే ఐదారు శతాబ్దాల్లో బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) వాళ్లు ఇప్పటి తుర్కియేలో కరమగరా దగ్గర మొనదేరిన ఆర్చితో వంతెన కట్టారు. తర్వాత ఆర్మీనియా రాజధాని ఆనిలో త్రదాత్ కట్టిన కేథడ్రల్, 1001లో పూర్తయిందంటారు. అందులో మొనదేరిన ఆర్చీలే కాదు, సన్న కంబాలను కట్టగట్టినట్టుండే స్తంభాలు కూడా ఉన్నాయి, అచ్చం ఫ్రాన్స్ చర్చిల్లో లాగా. ఈ త్రదాతే భూకంపంలో దెబ్బతిన్న హాగియా సోఫియా గోపురాన్ని బాగుచేశాడు. అరబ్బా యూరపా అని కొట్టుకుంటున్నారు గానీ ఆర్మీనియా మాటే ఎత్తరేం?

పాతబస్తీ

ఎత్తితే నాకే లాభం. కైరో కోటకు 1087, 1092 మధ్య పెద్ద ద్వారాలు కట్టించిన వజీరు బద్ర్ అల్ జమాలీ ఆర్మీనియా మూలాలవాడే. కట్టింది ఆర్మీనియన్లు ఎక్కువగా ఉన్న ఎడెస్సా (ఇప్పటి తుర్కియేలో ఉంది) నుంచి వచ్చిన ముగ్గురు అన్నదమ్ములని అరబ్బు చరిత్రకారులు రాశారు. ఆర్మీనియాకీ కైరోకీ మధ్య మనుషులు తిరుగుతూనే ఉన్నారు.

సెంట్రింగ్_మేస్త్రి

ఆ ద్వారాల ఫొటోలు ఇప్పుడే చూశా. బాబ్ అల్ ఫుతూహ్ ఆర్చి అరగుండ్రమే సార్.