హెచ్-1బి మీద కొత్తగా ఇల్లినాయ్ వచ్చాను, ఫోయిడ్ కార్డు తీసుకుని గన్ కొనొచ్చా?

షాంబర్గ్, కొత్త మెంబరు:

అందరికీ నమస్తే అండీ. హైదరాబాద్ నుంచి హెచ్-1బి మీద ఈమధ్యే షాంబర్గ్ వచ్చాను, కొద్ది రోజుల్లో మా ఆవిడ హెచ్-4 మీద వస్తుంది, పెళ్ళి నగలు కూడా తనతోనే వస్తాయి. ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం కోసం దొంగలు పడుతున్నారని వాట్సాప్‌లో రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంది, దానికితోడు ఆఫీసులో ఒకాయన శనివారం షూటింగ్ రేంజ్‌కి పోదాం రమ్మంటున్నాడు, డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకు కార్లో ఇటు వస్తున్నాడు, వాడి దగ్గర పిస్టల్ ఉంది. ఇక్కడ గన్ పెట్టుకోవాలంటే ఫోయిడ్ అని ఏదో కార్డు ఉండాలంట కదా, పది డాలర్లేనంట. నేను అప్లై చేసుకోవచ్చా? వాడు తెచ్చుకోవచ్చా? గూగుల్‌లో చూస్తుంటే తల తిరుగుతోంది.

నేపర్‌విల్:

తమ్ముడూ, ముందు ఆ శనివారం ప్రోగ్రాం క్యాన్సిల్ చెయ్, మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

అందరూ స్టేట్ రూల్ దగ్గర మొదలుపెడతారు, మన వీసాల వాళ్ళకి అసలు అడ్డం ఫెడరల్ రూల్. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, అంటే ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 అందరూ, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది రౌండ్లు కాల్చి తిరిగిచ్చేసినా, ఆ కాసేపు అది నీ దగ్గరున్నట్టే. శిక్ష గరిష్ఠంగా పదేళ్ళు ఉండేది, 2022లో చట్టం మార్చి పదిహేనేళ్ళు చేశారు. రేంజ్ కౌంటర్లో అబ్బాయి డ్రైవింగ్ లైసెన్స్ చూసి పంపించేస్తాడు, వీసా అడగకపోవచ్చు, అడగలేదు కాబట్టి ఓకే అనుకుంటే మొదటికే మోసం.

ఇది వట్టి బెదిరింపు అనుకుంటావేమో, రెహైఫ్ కేసు అని చూడు. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చిన కుర్రాడు, మార్కులు సరిగ్గా లేవని యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది, ఆ తర్వాత ఒక ఫైరింగ్ రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. దానిమీద కేసు పెట్టి జైలుశిక్ష కూడా వేశారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది, 2019లో కోర్టు ఏమందంటే, తన స్టేటస్ ఏంటో వాడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలి అంది. నీ హెచ్-1బి సంగతి నీకు బ్రహ్మాండంగా తెలుసు కాబట్టి ఆ తీర్పు నీకు పనికొచ్చేదేం లేదు.

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలు అని ఎవరో ఒకరు చెప్తారు, ఇప్పుడే రిప్లై కొడుతుంటారు కూడా. ఫెడరల్ చట్టంలో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఇల్లినాయ్ ఫోయిడ్ చట్టం వీసాల వాళ్ళ మినహాయింపుల్ని తన మాటల్లో విడిగా రాసుకుంది, అక్కడ కుదిరింది కాబట్టి ఇక్కడా కుదురుతుందని లేదు. అంత సరదా ఉంటే డబ్బులిచ్చి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు, గ్రూపులో అడిగి చెయ్యొద్దు. గ్రీన్ కార్డు క్యూలో ఉండి తుపాకీతో ఆటలంటే కొరివితో తల గోక్కోవడమే.

ఆరోరా:

హంటింగ్ లైసెన్స్ మాట రాద్దామనే వచ్చాను, అన్న ముందే చెప్పేశాడు :) నాకు గ్రీన్ కార్డు వచ్చాక తీసుకున్నాను ఫోయిడ్, ఆ ప్రాసెస్ చెప్తాను, రేపు ఎవరికైనా పనికొస్తుంది. 1968 నుంచి ఉన్న చట్టం ఇది, ఇల్లినాయ్‌లో ఉండేవాళ్ళు తుపాకీ కాదు కదా తూటాల డబ్బా ఇంట్లో ఉండాలన్నా ఈ కార్డు ఉండాలి. స్టేట్ పోలీస్ వాళ్ళ సైట్లో అప్లై చెయ్యాలి, ఇల్లినాయ్ డ్రైవింగ్ లైసెన్స్ గానీ స్టేట్ ఐడీ గానీ కావాలి, ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి, పది డాలర్ల ఫీజు మీద కొంచెం సర్వీస్ చార్జ్ పడుతుంది, పదేళ్ళు పనిచేస్తుంది. వేలిముద్రలు ఇవ్వడం మనిష్టం. ఇల్లు మారితే 21 రోజుల్లో అడ్రస్ మార్చాలి, మనవాళ్ళు అపార్ట్‌మెంట్లు మారినప్పుడు కరెంటు బిల్లు గుర్తుంటుంది గానీ ఇది గుర్తుండదు. అర్హత ఉండి కూడా కార్డు లేకుండా గన్ పెట్టుకుంటే మొదటిసారికి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం, అర్హతే లేనివాడి దగ్గర దొరికితే ఫెలనీ, అంటే పెద్ద నేరం.

కార్డు వచ్చినా అదేరోజు గన్ చేతికివ్వరు, కొన్నాక 72 గంటలు ఆగాలి. ఈ కార్డు ఉంటే జేబులో పెట్టుకుని తిరగొచ్చు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, కాదండీ. బయట దాచిపెట్టుకుని తిరగాలంటే క్యారీ లైసెన్స్ వేరే, దానికి 16 గంటల ట్రైనింగ్, 150 డాలర్లు, అయిదేళ్ళే. అది ఉన్నా మెట్రా ట్రైన్లో, స్కూళ్ళలో, హాస్పిటళ్ళలో, పార్కుల్లో కుదరదు. 2023 జనవరి నుంచి ఏఆర్ రకం రైఫిళ్ళ అమ్మకం కూడా ఆపేశారు.

ఇంకోటి, గంజాయి. ఇక్కడ 2020 నుంచి స్టేట్ లెక్కలో లీగలే గానీ ఫెడరల్ లెక్కలో కాదు, గన్ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఆ ప్రశ్న సూటిగా అడుగుతారు. మన వీసా వాళ్ళకైతే గన్ సంగతి పక్కనబెట్టినా గంజాయి ఒక్కటి చాలు కొంప ముంచడానికి.

మన్‌స్టర్, ఇండియానా:

మీ కజిన్ గురించి నేను చెప్తా, బార్డర్ పక్కనే ఉంటాను కాబట్టి ఈ తలనొప్పి నాకు రోజూ ఉండేదే. మా ఇండియానాలో 2022 జూలై నుంచి, టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి పర్మిట్ లేకుండానే గన్ పెట్టుకుని తిరగొచ్చు. చిక్కంతా అక్కడే వస్తుంది, ఇల్లినాయ్ లైను దాటగానే ఆ స్వేచ్ఛ అయిపోతుంది, హైవే మీద వెల్‌కమ్ బోర్డు ఉంటుంది గానీ దాని కింద రూల్స్ రాసి ఉండవు. వేరే స్టేట్ వాళ్ళకి ఫోయిడ్ అక్కర్లేదు, నిజమే, కానీ గన్ ఖాళీ చేసి కేసులో పెట్టి మూసి ఉండాలి. లేదా సొంత స్టేట్ ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. టెక్సాస్‌లో పర్మిట్ తీసుకోకుండా తిరిగేవాడికి చూపించడానికి లైసెన్సే ఉండదు కదా, వాడికి మొదటి దారే గతి. టెక్సాస్ లైసెన్స్ ఉన్నవాడు కారు లోపల ఉన్నంతసేపు దగ్గర పెట్టుకోవచ్చు, కారు దిగి చికాగోలో మన షాపులుండే డెవాన్ అవెన్యూలో చట్నీలు కొనడానికి పోయేటప్పుడు మాత్రం నడుముకి ఉండకూడదు, కార్లోనే లాక్ చేసి పోవాలి. కారు బయట టెక్సాస్ క్యారీ లైసెన్స్‌ని ఇల్లినాయ్ ఒప్పుకోదు.

డాలస్ నుంచి ఓక్లహోమా, మిస్సోరి మీదుగా వస్తాడు కాబట్టి అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఒక్కటే, తూటాలు తీసేసి, గన్ తాళం పెట్టెలో, పెట్టె డిక్కీలో, తూటాలు వేరే. 1986 ఫెడరల్ చట్టం దారిలో కాపాడేది కూడా ఇలా ఉన్నవాళ్ళనే. గ్లవ్ బాక్సులో పడేసుకుని వస్తే ఆ చట్టం పనికిరాదు.

అసలు మీ తమ్ముడి స్టేటస్ ఏంటి? టెక్సాస్‌లో కార్డు అడగరని హెచ్-1బి మీదే గన్ కొన్నవాళ్ళు ఉన్నారు, ప్రైవేటుగా అమ్మేవాడు చెకింగ్ చెయ్యక్కర్లేదు అక్కడ. చెకింగ్ జరగనంత మాత్రాన లీగల్ అయిపోదు.

నేపర్‌విల్:

బాగా చెప్పారు. దీనికి నేనొకటి కలుపుతాను. వాడు లీగల్‌గానే తెచ్చాడనుకో, ఆ పిస్టల్ రాత్రికి నీ అపార్ట్‌మెంట్లో సోఫా పక్కన టేబుల్ మీద పెట్టి వాడు స్నానానికి పోతే? అప్పుడు ఇంట్లో దాని పక్కన ఉన్నది నువ్వు. అందుకే డాలస్‌లోనే వదిలి రమ్మను, మొహమాటపడకు. తెచ్చి తీరతానంటే పెట్టె తాళంచెవి వాడి దగ్గరే, కోడ్ నీకు చెప్పకూడదు. మొగుడికి గ్రీన్ కార్డొచ్చి పెళ్ళాం ఇంకా వీసా మీద ఉన్న ఇళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది, సేఫ్ కోడ్ పెళ్ళిరోజు తారీఖు పెట్టుకుంటే ఇక దాచినట్టేముంది. 2026 జనవరి 1 నుంచి ఇల్లినాయ్‌లో పిల్లలకి గానీ, గన్ ఉండకూడని మనిషికి గానీ అందే వీలున్నప్పుడు తాళం వెయ్యడం చట్టప్రకారమే తప్పనిసరి.

ఎవడైనా ఇండియా వెళ్తూ "అన్నా నా గన్ మీ క్లోజెట్లో పెట్టి పోతా" అంటే వద్దను. సిటిజన్ ఫ్రెండ్ నీకోసం తన పేరు మీద కొనిస్తానంటే అస్సలు వద్దను, 4473 ఫారంలో మొదట అడిగేదే నువ్వు అసలు కొనేవాడివేనా అని, అబద్ధం రాస్తే ఇద్దరూ మునుగుతారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కూడా ఛాతీ విరుచుకోవద్దు, తుపాకీ నేరంలో శిక్ష పడితే వాళ్ళనీ దేశం నుంచి పంపించెయ్యొచ్చు.

బోలింగ్‌బ్రూక్, అక్క:

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలున్నవాళ్ళు ఒక్కమాట వినండి. 21 లోపు వాళ్ళకి ఫోయిడ్ కావాలంటే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. కాలేజీ పిల్లాడు స్కీట్ షూటింగ్ క్లబ్బులో చేరతానమ్మా అని ఫారం తెస్తే, స్కూల్ ఫీల్డ్ ట్రిప్ కాగితం మీద పెట్టినట్టు పెట్టెయ్యకండి. 2022 జూలై 4న హైలాండ్ పార్క్ పరేడ్‌లో ఏడుగురిని చంపినవాడి ఫోయిడ్ అప్లికేషన్ మీద సంతకం పెట్టింది వాళ్ళ నాన్న, ఆయన మీదా కేసు పెట్టారు, 2023లో నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. ఇంకా, సంతకం పెట్టే తల్లిదండ్రులకి కూడా ఫోయిడ్‌కి అర్హత ఉండాలి, కాబట్టి పిల్లాడు సిటిజన్ అయినా హెచ్-1బి నాన్న సంతకం చెల్లదు.

ఎడిసన్, న్యూజెర్సీ:

వేరే స్టేట్ అయినా చెప్తాను, రేపు ప్రాజెక్ట్ మారి ఇటొచ్చేవాళ్ళకి. మా దగ్గర గన్ కొనడానికి పర్చేజర్ కార్డు లోకల్ పోలీసుల ద్వారా, హ్యాండ్‌గన్‌కి మళ్ళీ ఒక్కోదానికి ఒక్కో పర్మిట్. 2013లో పెన్సిల్వేనియా క్యారీ పర్మిట్ ఉన్న ఒకావిడని ఇక్కడ కారాపారు, గన్ ఉందని తనే నిజాయితీగా చెప్పింది, అరెస్ట్ చేశారు, కనీసం మూడున్నరేళ్ళు పడే కేసు. చివరికి గవర్నర్ క్షమాభిక్ష పెడితే 2015లో బయటపడింది. మనకి గవర్నర్ తెలియదు కదా.

షాంబర్గ్, కొత్త మెంబరు:

అమ్మో. అందరికీ చాలా థాంక్స్ అండీ, ఆఫీసాయనకి రానని చెప్పేశాను, నవ్వాడు గానీ అర్థం చేసుకున్నాడు. తమ్ముడికి గ్రీన్ కార్డు ఉందంట, అయినా వదిలేసి రమ్మన్నాను. మరి ఇంట్లో సేఫ్టీకి ఏంచెయ్యాలి, స్టన్ గన్ లాంటిది తెచ్చుకోవచ్చా మా ఆవిడ కోసం?

ఆరోరా:

స్టన్ గన్‌కి, టేజర్‌కి కూడా ఇల్లినాయ్‌లో ఫోయిడ్ కావాలి, అమెజాన్‌లో కనపడింది కదా అని కొనొద్దు. పెప్పర్ స్ప్రే 18 దాటినవాళ్ళు పెట్టుకోవచ్చు, విమానం ఎక్కేటప్పుడు హ్యాండ్ బ్యాగులోంచి తీసెయ్యమను. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి, ఖాళీ ఉండదు చాలాచోట్ల, ఆవిడ రాకముందే పేరు రాయించుకో. ఇంటిముందు కెమెరా ఒకటి, వెనక స్లైడింగ్ డోర్ పట్టాలో అడ్డంగా ఒక కర్ర. పండగలకి నగలతో ఫొటోలు పెట్టేటప్పుడు అడ్రస్ కనపడకుండా చూసుకోండి. తుపాకీ కాల్చాలనే ముచ్చట అంతగా ఉంటే సెకనుకి 700 అడుగుల లోపు వేగం ఉండే ఎయిర్ గన్‌కి ఫోయిడ్ గొడవ లేదు, ఫెడరల్ లెక్కలో అది ఫైర్‌ఆర్మే కాదు, కొనేముందు మీ ఊరి రూల్ ఒకసారి చూసుకో.

మన్‌స్టర్, ఇండియానా:

మీ తమ్ముడికి ఇది కూడా చెప్పండి, రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు, ఇండియా వెళ్ళే బ్యాగు ఒకటి కాకూడదు. అడుగున ఒక్క తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో స్కానింగ్‌లో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు రాస్తారు, మర్చిపోయాను సార్ అంటే వదిలెయ్యరు, పెళ్ళికని వచ్చినవాడు పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాలి. సైడు జేబులు కూడా తిప్పి దులుపుకోమనండి.