పాట్రిక్ కంటే డెక్లన్ ముందా? ఆర్డ్‌మోర్ ఊరి మాట ఎంతవరకు నమ్మాలి?

తీరవాసి: ఐర్లండ్ దక్షిణ తీరాన, వాటర్‌ఫర్డ్ కౌంటీలో ఆర్డ్‌మోర్ అనే చిన్న ఊరుంది. 5వ శతాబ్దంలో ఐర్లండ్‌కు క్రైస్తవం తెచ్చాడని పేరుపొందిన పాట్రిక్ రాకముందే, డెక్లన్ అనే సాధువు తమకు సువార్త వినిపించాడని అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇది చరిత్రా, ఊరి అభిమానమా?

సందేహి: అభిమానమే. డెక్లన్ జీవితగాథ ఈ రూపానికి వచ్చింది 12వ శతాబ్దంలో. ఐరిష్ చర్చి అప్పుడే బిషప్ పీఠాలకు కొత్త హద్దులు గీస్తోంది. అలాంటి సమయంలో మా సాధువు అందరికంటే పాతవాడని చెప్పుకుంటే ఎంత లాభమో వేరే చెప్పాలా? పైగా ఆ గాథలో డెక్లన్, పాట్రిక్ రాజీపడతారు. ఆ ప్రాంతపు డేశి తెగ ప్రజలకు డెక్లనే పాట్రిక్ అని తేలుతుంది. అన్నదమ్ముల పంపకాల పత్రం చదివినట్టే ఉంటుంది!

తీరవాసి: మరి 5వ శతాబ్దపు చరిత్రకారుడు ప్రాస్పర్ సంగతి? 431లో పోప్ సెలెస్టిన్ పల్లాడియస్‌ను "క్రీస్తును నమ్మే" ఐరిష్ ప్రజలకు మొదటి బిషప్‌గా పంపాడని ఆయన రాశాడు. నమ్మేవారు అప్పటికే ఉన్నారన్నమాట.

సందేహి: ఉన్నారు, కాదనను. వారికి సువార్త చెప్పింది డెక్లనే అని ప్రాస్పర్ ఎక్కడ రాశాడు?

గవ్వలమ్మ: మీరిద్దరూ గ్రంథాలు వదిలి ఒకసారి సముద్రపు ఒడ్డుకు రండి. అక్కడ రెండు చిన్న రాళ్ల మీద ఒక బండ ఆని ఉంటుంది. వేల్స్‌లో సేవకుడు మరచిపోయిన డెక్లన్ గంటను మోసుకుంటూ అది ఓడకు ముందు తేలివచ్చిందట. అది ఒడ్డెక్కిన చోటే ఆయన స్థిరపడ్డాడని కథ. జూలై 24న వచ్చే ఆయన పండుగను పాటర్న్ అంటారు. నడుము నొప్పి పోవాలని జనం ఆ బండ కింద బోర్లా పాకేవారు. పాపం మిగిలినవాడు దూరలేడని ఒక మాట. తడి ఇసుకలో మోచేతుల మీద పాకే మనిషి 431 గురించి ఆలోచిస్తాడా?

సందేహి: ఆ బండను తెచ్చింది మంచుయుగపు హిమానీనదం.

గవ్వలమ్మ: అయితే అది వేరే చోటినుంచి వచ్చిందన్న ఊరివారి మాట సగం నిజమేగా!

సందేహి: సగం నిజం బండది. సాధువుకు 5వ శతాబ్దపు సాక్ష్యం ఒక్కటి చూపండి, చాలు.

తీరవాసి: పాట్రిక్ స్వయంగా రాసినవి రెండు మిగిలాయి కాబట్టి ఆయన్ను ఒప్పుకుంటున్నారు. ఏమీ రాయనివారంతా లేనట్టేనా?

సందేహి: లేడనలేదు. పాట్రిక్ కంటే ముందన్నది మాత్రం ఒప్పుకోను.