ఆట మధ్యలో పుట్టుకొచ్చే మావయ్యలు: ఎంతవరకు ఒప్పుకోవాలి?

ఉప్పుగాలి_డీఎం:
ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం; కథ నేను నడుపుతాను, మిగతావాళ్ళు తలో పాత్ర ఆడతారు. ఊరు నేను కల్పించిందే గానీ విశాఖవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు: ఓడలొచ్చే సన్నటి కాలువ, దాని పక్కనే సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ, కొండ మీద లైట్‌హౌస్.

చిక్కంతా దొంగ పాత్ర ఆడే మావాడితో. పాత్ర వివరాల షీట్ మీద పేరు, అంకెలు తప్ప ఏమీ రాసుకోలేదు. లైట్‌హౌస్‌లోకి చాటుగా దూరాలనేసరికి "అక్కడ కాపలా ఉండేది మా మావయ్యే" అన్నాడు. అందరూ నవ్వారు, సరే అన్నాను. తర్వాత రేవులో సుంకం గుమాస్తా వాళ్ళ బాబాయి అయ్యాడు. పడవ కావాల్సొస్తే పెద్దమ్మది తేలింది. ఇప్పుడు ఊళ్ళో ఏ తలుపుకి తాళం ఉన్నా లోపల వీడి చుట్టం ఒకడుంటున్నాడు.

ఇంకోపక్క మా క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే ఆవిడ తన పాత్రకి మూడు పేజీల బ్యాక్‌స్టోరీ రాసుకొచ్చింది. "నేను కూర్చుని రాసినదానికి ఒక్క తలుపూ తెరుచుకోలేదు, వాడు నోటికొచ్చింది చెప్తే తెరుచుకుంటున్నాయి" అంటోంది. అదీ నిజమే. ఆడుతుండగా పుట్టే వివరాలంటే నాకు ఇష్టం, ఆపించాలని లేదు. మీరైతే గీత ఎక్కడ గీస్తారు?

సీతమ్మధార_పాలడిన్:
2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో (డీ అండ్ డీ రూల్స్ పుస్తకం) పాత్రకి క్రిమినల్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే నమ్మకమైన పరిచయస్తుడు ఒకడు వస్తాడు. ఒక్కడే. వంశవృక్షం మొత్తం రాదు. చుట్టం పేరు చెప్పినప్పుడల్లా పర్సుయేషన్ చెక్ (ఒప్పించగలిగాడో లేదో తేల్చే పాచిక) వేయించండి, దారికొస్తాడు.

గాజువాక_బి_షిఫ్ట్:
చెక్ వేయిస్తే ఏమవుద్ది పాలడిన్ గారూ? పద్దెనిమిది పడితే మావయ్య తలుపు తీస్తాడు, మూడు పడితే తియ్యడు. ఆ మావయ్య ఎలాంటివాడో మాత్రం ఎవరికీ తెలీదు. నాకు కావలసింది ఆయనే.

మన వైపు చుట్టరికం ఎప్పుడైనా ఊరికే పనిచేసిందా? పని మీద మావయ్య ఇంటికెళ్తే ముందు అరగంట క్లాసు. చెల్లి పెళ్ళికి ఎందుకు రాలేదు, మీ నాన్న ఆ పొలం సంగతి ఎప్పుడు తేలుస్తాడు, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా. తాళంచెవి మాట ఆ తర్వాత. అందుకని వాడు చుట్టాన్ని తెచ్చిన ప్రతిసారీ "సరే, ఉన్నాడు" అనండి, వెంటనే అడగండి: ఆఖరుసారి కలిసినప్పుడు ఇద్దరికీ ఏం జరిగింది? జవాబు వాడే చెప్పాలి. చెప్పింది నోట్‌బుక్‌లో ఎక్కించండి, బాకీ వసూలు చెయ్యండి.

బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అని దొంగల ముఠా ఆట ఒకటుంది, అందులో దీనికి ధర కట్టారు. దోపిడీ మధ్యలో "కాపలావాడికి నిన్ననే లంచం ముట్టజెప్పాను" అని ఫ్లాష్‌బ్యాక్ వెయ్యొచ్చు. ధర స్ట్రెస్‌లో, అంటే పాత్ర మీద పడే ఒత్తిడి లెక్కలో: తేలికైన పనైతే సున్నా, కాస్త కష్టమైతే ఒకటి, పెద్ద ఏర్పాటైతే రెండు, ఆపైన. ఒక్కో క్యారెక్టర్‌కి ఉండే స్ట్రెస్ గడులు తొమ్మిదే. పైగా ఆటలో ఇప్పటికే జరిగిపోయినదాన్ని చెరపడానికి లేదు. కాపలావాడు ఈల ఊదేశాడంటే ఊదేసినట్టే.

రెండో ప్రశ్న మాత్రం దొంగని అడగొద్దు, క్లెరిక్‌ని అడగండి. "ఈయన మీ గుడికి వస్తాడా? ఏం మొక్కుకున్నాడు?" ఆమె మూడు పేజీల్లో ఏదో ఒక గుడి, ఏదో ఒక గొడవ ఉండకపోదు, ఇక్కడ అతుక్కుంటుంది. నా లెక్కలో ఒకరు చెప్పిన వివరం ఇంకొకరు వాడుకున్నాకే నిజమవుతుంది. అప్పటిదాకా అది కోతే.

మా ఆటలో భీమిలి డచ్చి సమాధుల్లాంటి చోట సీన్ నడుస్తోంది. నోరు తెరిస్తే బూతులే వచ్చే మా ఫైటర్, ఒక రాయి దగ్గర చెప్పులు విప్పుతున్నానన్నాడు. ఎందుకో వాడికే తెలీదు. విజార్డ్ ఆడే అమ్మాయి "మీ అమ్మదా?" అంది. "ఊఁ" అన్నాడు. ఆ వానాకాలమంతా కథ ఆ అమ్మ చుట్టూనే తిరిగింది.

మూడు_పేజీల_మనిషి:
రాసుకొచ్చేవాళ్ళ తరఫున ఒక మాట. ఫేట్ కోర్ అనే ఇంకో ఆటలో హై కాన్సెప్ట్ (పాత్ర ఎవరో ఒక్క ముక్కలో), అన్నిటికన్నా బాగా వచ్చిన స్కిల్, పేరు ఉంటే చాలు, మిగతావి ఆడుతూ నింపుకోవచ్చు. కానీ కథలో లేని మనిషిని ఉన్నాడనిపించాలంటే ఫేట్ పాయింట్ ఖర్చుపెట్టాలి, అది తన ఆస్పెక్ట్‌లలో (పాత్రని వర్ణిస్తూ రాసుకున్న మాటల్లో) ఒకదానికి ముడిపడాలి. డీ అండ్ డీలో ఆ ఖర్చు లేదు కాబట్టే ఆవిడకి ఒళ్ళు మండుతోంది. మంట చల్లారాలంటే ఆవిడ కాగితాల్లోంచి ఒక మనిషిని సెషన్‌లోకి నడిపించండి. ఏ మూడో పేజీ చివర్లోనో ఉన్నవాణ్ణి. మేం రాసేది మీరు చదువుతారని. సాధారణంగా చదవరు.

ఉప్పుగాలి_డీఎం:
చదివానండీ బాబూ! గాజువాక గారి రెండో ప్రశ్న నచ్చింది. కానీ మాలో బార్డ్ (పాటగాడి పాత్ర) ఆడే కుర్రాడున్నాడు, కొత్త. "మీ ఊరి గురించి చెప్పు" అంటే బిగుసుకుపోయి ఫోన్ చూసుకుంటాడు. వాణ్ణి ఇలా అడిగితే మళ్ళీ వారం రాడేమో.

గాజువాక_బి_షిఫ్ట్:
అంత వెడల్పు ప్రశ్న వేస్తే నేనైనా ఫోనే చూస్తాను. రెండు దారులిచ్చి ఒకటి ఎంచుకోమనండి: "ఆ వీణ కొన్నదా, కొట్టుకొచ్చిందా?" కొట్టుకొచ్చిందే అంటాడు, అందరూ అదే అంటారు. ఎవరి దగ్గర కొట్టేశాడో ఆ రోజు అడగొద్దు. రెండు వారాలాగి, సంతలో ఎవరో ఒకావిడ ఆ వీణ వంక తేరిపార చూస్తోందని చెప్పండి. ఆవిడెవరో వాడే చెప్తాడు.